చేతికి చిన్న ఫోను, కళ్ళకి జోడు!

మీ ఇంట్లో కేకుల పిండి తూచుకునే చిన్న తూకం మిషను వుందా? వుంటే ఈ వ్యాసం చదవడం కాసేపు ఆపి, మీ సెల్‌ఫోన్ని దానిమీద పెట్టి చూడండి. పౌచీ తియ్యకండి. రోజూ ఎలా పట్టుకుంటారో అలాగే పెట్టండి.

నేను పెట్టాను. 272 గ్రాములు! పావుకిలో దాటింది. పావుకిలో బెండకాయలు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఆ చేతి బొటనవేలినే అటూ ఇటూ ఆడిస్తూ గంటసేపు కూర్చోమంటే కూర్చుంటామా? రాత్రి భోజనాలయ్యాక, గిన్నెలు సర్దేసి మనం చేస్తున్న పని మరి అదే కదా!

మూడేళ్ళ క్రితం పెళ్ళిరోజుకి మావారు కొనిపెట్టిన ఫోను అది. 6.7 అంగుళాల తెర. "ఎంత పెద్దదైతే అంత బాగా కనబడుతుందోయ్" అన్నారు. నిజమే, కనబడేది. దానికి పుస్తకంలా తెరుచుకునే పౌచీ, అందులో ఏటీయం కార్డు, వెంకటేశ్వరస్వామి పటం, వెనకాల వేలు దూర్చుకునే రింగు. నా వేళ్ళు పొట్టివి. బొటనవేలు తెరకి అటుచివర అందేది కాదు. అందక, చిటికెనవేలిని ఫోను అడుగున ఆనించి, బొటనవేలిని లాగి లాగి... మీలోనూ చాలామంది ఇలాగే పట్టుకుంటారు, ఒకసారి గమనించుకోండి.

సంక్రాంతికి ముందు మొదలైంది నొప్పి. కుడిచేతి బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన. చపాతీపిండి కలిపితే నొప్పి, తడిబట్టలు పిండితే నొప్పి, కుక్కరు మూత తిప్పితే నొప్పి. అరిసెల పాకం తిప్పానుగా, అందుకే అనుకున్నాను. ఏదో బామ్ రాసుకుని పడుకునేదాన్ని. పడుకుని ఏం చేసేదాన్ని? అదే చేత్తో ఫోను పట్టుకుని సీరియల్ చూసేదాన్ని!

ఒకరోజు పొద్దున్న పాలగిన్నె దించుతున్నాను. బొటనవేలి దగ్గర సూదితో పొడిచినట్టయింది. పట్టు జారిపోయింది. మరుగుతున్న పాలు గట్టుమీంచి కిందకి ధారగా కారాయి. మా మరిదిగారి పాప, మూడేళ్ళది, రోజూ ఆ వేళకి నా కాళ్ళ దగ్గరే గిన్నెలతో ఆడుకుంటూ వుంటుంది. ఆ నిమిషం ముందే అత్తయ్యగారు "రావే, జడ వేస్తాను" అని దాన్ని వసారాలోకి పిలుచుకెళ్ళారు. పాప గిన్నెలు మాత్రం పాలలో తేలుతున్నాయి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ సాయంత్రమే ఎముకల డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాం. బొటనవేలిని గుప్పిట్లో మూసి, చేతిని చిటికెనవేలి వైపు వంచమన్నారు. వంచానో లేదో "అమ్మా" అని అరిచాను. 1895లో స్విట్జర్లాండుకి చెందిన డీ కెర్వెన్ అనే సర్జన్ దీన్ని గురించి రాశారట, ఆయన పేరే పెట్టారు. బొటనవేలిని కదిపే కండరాల కొసలు తాళ్ళలా మణికట్టు దగ్గర ఒక సన్నని గొట్టంలోంచి వెళతాయి. అక్కడ మందమై బిగుసుకుపోతే వేలు కదిపినప్పుడల్లా రాపిడే. ఆడవాళ్ళలోనే ఎక్కువట. చంటిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకీ వస్తుందట. "ఫోనొక్కదాన్నే అనడానికి లేదమ్మా, పిండడాలూ, తిప్పడాలూ అన్నీ కలిసి వచ్చింది. కాకపోతే ఇంటిపని తగ్గించుకోమంటే మీరు తగ్గించుకోలేరు, ఫోను తగ్గించుకోవచ్చు" అన్నారాయన. చేతికి పట్టీ వేశారు. (మీకూ ఇలాంటి నొప్పి వుంటే నా మాట పట్టుకుని ఊరుకోకండి, డాక్టరుకి చూపించుకోండి.)

ఇంటికొచ్చి "నాకు చిన్న ఫోను కావాలండీ" అన్నాను. "రెండు చేతులతో పట్టుకోవచ్చుగా?" అన్నారు మావారు. రెండో చేతిలో గరిటె వుంటుందని ఆయనకెలా తెలుస్తుంది చెప్పండి!

తీరా చూస్తే బజార్లో చిన్న ఫోన్లే కరువు. 2007లో యాపిల్ వాళ్ళ మొదటి ఐఫోను తెర మూడున్నర అంగుళాలే. 2011లో శాంసంగ్ వాళ్ళు 5.3 అంగుళాల నోట్ తెస్తే "ఇదేం ఫోను, పలకలాగా" అని నవ్వినవాళ్ళున్నారు. ఇవాళ ఆ పలకే చిన్నది! 2020లోనూ 2021లోనూ ఐఫోన్లలో 5.4 అంగుళాల 'మినీ' వచ్చింది, 2022 వరసలో అది లేదు. షాపులో కుర్రాడు నేనడిగింది విని, బటన్ల ఫోను తీసి చూపించాడు. నేనేమైనా గ్యాసుకీ కూరలకీ డబ్బులు కట్టొద్దా? నాకు కోపమొచ్చి వచ్చేశాను.

చివరికి మా తమ్ముడు కొత్తది కొనుక్కుంటూ "అక్కా, నా పాతది తీసుకో" అని ఇచ్చాడు. 6.1 అంగుళాలు. "ఆరు పాయింట్లేగా తేడా!" అని నవ్వారు మావారు. ఇక్కడే మనం మోసపోతాం. ఆ అంగుళాలు మూల నుంచి మూలకి కొలిచేవి. మన చేతికి కావలసింది అడ్డం కొలత, బరువు. కుట్టుమిషను దగ్గరున్న టేపు తెచ్చి కొలిచాను. పెద్దది పౌచీతో మూడుంపావు అంగుళాల వెడల్పు, చిన్నది పల్చటి కవరుతో మూడుకి లోపే. తూకంలో 190 గ్రాములు. అంటే 82 గ్రాములు దిగిపోయాయి. బొటనవేలు ఇటు నుంచి అటు హాయిగా అందుతోంది. మీరు కొనేటప్పుడు తెర సైజు అడగడంతో సరిపెట్టుకోకండి, గ్రాములెన్నో అడగండి, చేత్తో పట్టుకుని చూడండి. మరీ పాతది మాత్రం వద్దు. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్లో బ్యాంకు యాప్ నడవకపోవచ్చు.

మార్చుకునే రోజు నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. వాట్సాప్‌లో వున్నవన్నీ ముందురోజే బ్యాకప్ తీసి వుంచింది మా అమ్మాయి, అవి బాగానే వచ్చాయి. కానీ సిమ్ము మార్చగానే అన్నీ పనిచేస్తాయనుకున్నాను. డబ్బులు పంపే యాప్ కొత్త ఫోన్లో మళ్ళీ నమోదవ్వాలి, దానికి ఆ సిమ్ము నుంచే ఒక మెసేజి వెళ్ళాలి. ఆ మెసేజి వెళ్ళనని మొరాయిస్తుంటే, గుమ్మంలో గ్యాసుబండ అబ్బాయి నిలబడి వున్నాడు! పోపులడబ్బాలో దాచిన నోట్లే ఆదుకున్నాయి. సాయంత్రానికి అంతా కుదిరింది, పాత పిన్నే పనిచేసింది. మొదటిరోజు పెద్ద మొత్తాలు పంపనివ్వకపోవచ్చు కూడా. కాబట్టి పిల్లల ఫీజు కట్టే రోజున ఈ పని పెట్టుకోకండి. పాత ఫోను ఎవరికైనా ఇచ్చే ముందు అందులోవన్నీ పూర్తిగా చెరిపేయించడం మర్చిపోకండి.

ఇంతవరకూ బాగానే వుంది. అసలు చిక్కు రాత్రి మొదలైంది. చిన్న తెర మీద అక్షరాలన్నీ చీమల బారు! చెయ్యి దూరంగా చాపితే కాస్త కనబడుతోంది, దగ్గరికి తెస్తే మసక. సెట్టింగుల్లోకి వెళ్ళి అక్షరాలు పెద్దవి చేశాను. పూర్తిగా పెద్దవి చేస్తే బ్యాంకు యాప్‌లో మీటలు తెర కిందకి జారిపోయాయి. నాకు ఏడుపొచ్చింది. "చెయ్యి కావాలంటే కళ్ళు వద్దా?" అనుకున్నాను. పెద్ద ఫోనే మళ్ళీ తీసుకుందామని బీరువా దాకా వెళ్ళాను కూడా.

అత్తయ్యగారు చూసి "ఏం లేదే, నీకు చత్వారం వచ్చింది. నలభై దాటాయిగా" అన్నారు.

అప్పుడు వెలిగింది. మందుల షీటు మీద తేదీలు కొంతకాలంగా మా అమ్మాయి చేతే చదివిస్తున్నాను. సూదిలో దారం అదే ఎక్కిస్తోంది. బియ్యంలో రాళ్ళు నా కంటికి దొరక్క, మావారి పంటికి దొరుకుతున్నాయి. అయినా నాకు అనుమానం రాలేదు. ఎందుకంటే రోజంతా చూసేది ఫోనే, దాన్లో అక్షరాలు పెద్దగానే కనబడుతున్నాయిగా! కళ్ళజోడు చెయ్యాల్సిన పనిని పెద్ద ఫోను చేస్తూ వచ్చింది, ఆ బరువు మణికట్టు మోసింది.

కళ్ళ డాక్టరు ప్లస్ ఒకటిన్నర ఇచ్చారు. జోడు పెట్టుకున్న రోజు మొదట చూసింది ఫోను కాదు, వంటింటి అలమర. కస్టర్డ్ పౌడరు గడువు తీరి ఏడాదైంది. అత్తయ్యగారి దగ్గు మందు అంతకన్నా పాతది. రెండూ చెత్తబుట్టలో పడేశాను.

చిన్న ఫోనుతో ఇబ్బందులు లేవా? వున్నాయి. ఛార్జింగ్ సాయంత్రం ఐదింటికల్లా అయిపోతుంది. తెలుగు అక్షరాలు కొట్టాలంటే మీటలు ఇరుకు. అందుకని మైకు బొమ్మ నొక్కి నోటితోనే చెబుతున్నాను, అదే టైపు చేస్తుంది. మొన్న కిరాణా కొట్టుకి "కిలో కందిపప్పు, అరకిలో బెల్లం" అని చెబుతూ మధ్యలో అమ్మాయిని కేకేస్తే, "స్నానానికి వెళ్ళవే" అన్నది కూడా కొట్టుకి వెళ్ళిపోయింది! సీరియళ్ళు ఇంత తెర మీద చూడబుద్ధి కాక టీవీలోనే చూస్తున్నాను, అదీ అందరితో కలిసి.

చేతి నొప్పి తగ్గడానికి రెండు నెలలు పట్టింది. పట్టీవల్లో, బట్టలు పిండే పని మావారు అందుకున్నందువల్లో, ఫోనువల్లో నేను విడదీసి చెప్పలేను. ఈ ఉగాదికి మాత్రం బొబ్బట్లపిండి నేనే కలిపాను.

పెద్ద ఫోను ఇప్పుడు అత్తయ్యగారి మంచం పక్కన స్టాండులో నిలబడి వుంది. ఆవిడ ప్రవచనాలు వింటారు, అమెరికాలో వున్న ఆడపడుచుతో మాట్లాడతారు. చేత్తో మాత్రం ఎత్తరు. "దాని బరువు నాకెందుకే" అంటారు. ఛార్జింగు పెట్టడం నా పని, అద్దం తుడవడం పాప పని.