నిఘా కెమెరా: స్పష్టత పెరిగితే వేగమెందుకు తగ్గుతుంది?

సినిమా తెరపై బొమ్మ నిజానికి కదలదు. సెకనుకు 24 నిశ్చల చిత్రాలు ఒకదాని వెంట ఒకటి పడుతూ ఉంటే, మన కంటికి అది కదలికగా తోస్తుంది. బజారులోను, రైల్వే స్టేషనులోను, పాఠశాల గేటు దగ్గర కనిపించే నిఘా కెమెరా తీసేవి కూడా ఇటువంటి చిత్రాలే. ఒక్కొక్క నిశ్చల చిత్రాన్ని ఫ్రేము అంటారు. చాలా కెమెరాలలో చిత్రం స్పష్టతను పెంచితే సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య తగ్గిపోతుంది. దీనికి కారణమేమి?

కెమెరా కటకం వెనుక సెన్సర్ అనే సిలికాన్ బిళ్ల ఉన్నది. దానిపై వెలుతురును విద్యుత్తుగా మార్చే అతి సూక్ష్మమైన గళ్లు బారులు తీరి ఉంటాయి. వీటి నుండి ఏర్పడే చిత్రంలోని చుక్కలే పిక్సెళ్లు. ‘ఫుల్ హెచ్.డి.’ చిత్రంలో వరుసకు 1,920 చొప్పున 1,080 వరుసలు, అనగా 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. ‘4కె’ చిత్రంలో వరుసకు 3,840 చొప్పున 2,160 వరుసలు, అనగా 82,94,400. ఇది మొదటిదానికి సరిగా 4 రెట్లు.

సాధారణంగా సెన్సర్‌ను ఒక వరుస తరువాత మరొక వరుసగా చదువుతారు. సెకనుకు 30 ఫ్రేములు కావాలంటే, 2,160 వరుసలనూ సెకనులో 30వ వంతు కాలంలో చదివి ముగించాలి. వరుసకు దక్కే వ్యవధి సుమారు 15 మైక్రోసెకన్లు మాత్రమే! ఫ్రేములను 60 చేస్తే అదీ సగమవుతుంది.

చదివినంత మాత్రాన పని తీరలేదు. ఒక్కొక్క పిక్సెల్ విలువను 12 బిట్లలో, అనగా 12 సున్నా–ఒకట్లలో, వ్రాస్తామనుకొందాం. 4కె చిత్రాలు సెకనుకు 30 చొప్పున వస్తే దాదాపు 300 కోట్ల బిట్లు పోగవుతాయి. చాలా నిఘా కెమెరాల నెట్‌వర్కు అనుసంధానం పంపగలిగినది సెకనుకు 10 కోట్ల బిట్లు. కాబట్టి కెమెరాలోని చిప్ ఈ చిత్రాలను అక్కడికక్కడే కుదించాలి. గడచిన ఫ్రేముతో పోల్చి, మారిన భాగాన్నే ముఖ్యంగా వ్రాసుకోవడం ఇందులోని కిటుకు. 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265 ఇటువంటి పద్ధతులే. అయితే ఆ చిప్ సెకనుకు ఇన్ని పిక్సెళ్లనే సవరించగలదు. పిక్సెళ్లు 4 రెట్లయితే, అదే చిప్‌తో ఫ్రేములను తగ్గించక తప్పదు. మరింత బలమైన చిప్ పెడితే ఖర్చుతో పాటు, మూసిన చిన్న పెట్టెలో వేడి కూడా పెరుగుతుంది.

ఇక భద్రపరచే సమస్య. కుదించిన తరువాత సెకనుకు 80 లక్షల బిట్లు మిగిలినా, రోజుకు 86.4 గిగాబైట్లు, 30 రోజులకు 2,592 గిగాబైట్లు అవుతుంది. ఇది ఒక్క కెమెరా లెక్క!

వెలుతురు కూడా ఒక హద్దు పెడుతుంది. సెకనుకు 30 ఫ్రేములు తీసే కెమెరాలో ఏ ఫ్రేమూ సెకనులో 30వ వంతు కంటె ఎక్కువసేపు వెలుతురును గ్రహించలేదు. అంతే పరిమాణంగల సెన్సర్‌పై గళ్లు పెరిగితే ఒక్కొక్కటి చిన్నదై, దానికి చేరే వెలుతురూ తగ్గుతుంది. అందుచేత రాత్రివేళ కొన్ని కెమెరాలు తమంతట తామే ఫ్రేములను తగ్గించుకొంటాయి.

ఫ్రేములు తగ్గితే దొంగ జారిపోడా? గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారు సైకిలు సెకనుకు 10 మీటర్లు కదులుతుంది. 10 మీటర్ల వెడల్పు దృశ్యాన్ని అది దాటేలోగా, 15 ఫ్రేముల కెమెరా 15 చిత్రాలు తీస్తుంది. వాటిలో నంబరు చదవడానికి వీలైనది ఒక్కటి ఉన్నా చాలు. చదవడానికి కావలసినవి తగినన్ని పిక్సెళ్లు, తక్కువ గ్రహణ కాలం. ఆ కాలం సెకనులో 30వ వంతయితే బండి 33 సెంటీమీటర్లు కదలి నంబరు అలికినట్లవుతుంది. 500వ వంతయితే కదలిక 2 సెంటీమీటర్లే. అందుకు మంచి దీపం కావాలి. ఫ్రేములు పెంచినందువల్ల మాత్రమే మసక పోదు.

కనుక కెమెరాను ఎన్నుకొనేవారు ముందు ఏమి చూడాలో నిశ్చయించుకోవాలి. ముఖం, నంబరు గుర్తించవలసిన చోట పిక్సెళ్లు ముఖ్యం. నగదు లెక్కించే చేతుల చురుకైన కదలిక చూడవలసిన చోట ఫ్రేములు ముఖ్యం. విద్యార్థులు తమ పాఠశాలలోని కెమెరాకు పిక్సెళ్లెన్నో, ఫ్రేములెన్నో తెలుసుకొని, సెకనుకు ఎన్ని బిట్లు పుడుతున్నవో లెక్క కట్టి చూడవచ్చు.