అమెరికా దేశమున రాజకీయ విశ్వాసములు పుట్టు తెఱఁగు

రాజ్యవ్యవహారములను గుఱించి మనుష్యునకుఁ గల విశ్వాసము లెట్లు పుట్టును? ఇది విచార్యమైన ప్రశ్నము. అమెరికా సంయుక్తరాష్ట్రములయందు 1971 వ సంవత్సరపు రాజ్యాంగసవరణము మొదలుగా 18 ఏండ్లు నిండిన పౌరులకు వయస్సునుబట్టి వోటుహక్కును నిరాకరించుటకు వీలు లేదు. ఇట్టి పౌరుఁడు ఉభయపక్షముల మాటల నాలించి, గుణదోషములఁ దూచి, యుక్తమని తోఁచినదానిని గ్రహించునని సామాన్యముగాఁ దలఁతురు. ఇది పూర్వపక్షము. ఆ దేశపు విద్వాంసు లెనుబదియేండ్లకుఁ బైఁబడి చేసిన పరిశోధనములు దీనికి భిన్నమైనదానినిఁ జూపుచున్నవి. విశ్వాసము ముందు పుట్టును. యుక్తి తరువాత వచ్చును. అట్లైనచో నా విశ్వాసము పౌరునిదా, పరులదా యను శంక కలుగును. ఆ శంకను విచారించుటయే యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

శబ్దశాస్త్రమునఁ బ్రసిద్ధమైన యొక దృష్టాంతముచే నీ విషయము సుబోధ మగును. బాలుఁడు పదముల శక్తిని గ్రహించు సాధనములలో వృద్ధవ్యవహారము ముఖ్యము. పెద్దవాఁడొకఁడు "ఆవును దెమ్ము" అనఁగా రెండవవాఁ డావును దెచ్చును; "గుఱ్ఱమును దెమ్ము" అనఁగా గుఱ్ఱమును దెచ్చును. ఒక పదమును దీసి వేఱొక పదము నుంచు ఈ యావాపోద్వాపములఁ బలుమాఱు చూచి, ప్రక్కనున్న బాలుఁ డేపదమున కేయర్థమో నిశ్చయించుకొనును. వానికిఁ బాఠము చెప్పినవారు లేరు. వ్యాకరణము పిదప వచ్చి, సిద్ధమైన భాషకు హేతువులఁ జెప్పును. రాజకీయ విశ్వాసములును నిట్లే వృద్ధవ్యవహారమువలన సిద్ధించుచున్నవి.

ఇందు మొదటి స్థానము గృహము. 1965 వ సంవత్సరమున మిచిగన్ విశ్వవిద్యాలయమువారు ఉన్నతపాఠశాలల కడపటి తరగతిలోని సుమారు 1,700 మంది విద్యార్థులను, వారి తల్లిదండ్రులను వేఱువేఱుగాఁ బ్రశ్నించిరి. జెన్నింగ్సు, నీమీ యను పండితులు ఫలితములఁ బ్రకటించిరి. రిపబ్లికనులు, డెమొక్రాట్లు, స్వతంత్రులు నను మూఁడు వర్గములలో నూటికి 59 మంది విద్యార్థులు తల్లిదండ్రుల వర్గమునందే యుండిరి. ఎదుటిపక్షమునకుఁ బోయినవారు నూటికి 7 గురు మాత్రమే. కాని ప్రభుత్వమును నమ్మవచ్చునా, పాఠశాలలోఁ బ్రార్థన యుండవచ్చునా యను మొదలగు విషయములఁ దల్లిదండ్రులకును బిడ్డలకును సామ్య మంతగాఁ గానరాలేదు. కారణము స్పష్టము. పక్షనామము భోజనముకడ మాటిమాటికి వినఁబడును. తక్కినవి యరుదుగా వినఁబడును. ఆవృత్తి యధికమైనచోట గ్రహణము దృఢ మగును.

గృహమునకుఁ దోడు స్థలమును గలదు. 1958 లో గ్రీన్‌స్టీను న్యూహేవను పట్టణపు బాలుర నడుగఁగా, వారు దేశాధ్యక్షుని దయాళువైన పెద్దగా వర్ణించిరి. ఇది బాలస్వభావమే యని కొందఱు తలఁచిరి. కాని 1968 లోఁ బ్రకటితమైన వేఱొక పరిశోధనమునఁ గెంటకీ రాష్ట్రపు కొండసీమలోని పేదబిడ్డలు అధ్యక్షుని అంతగా మెచ్చలేదు. స్వభావమని తోఁచిన దంతయు స్వభావము కాదు.

రెండవ స్థానము పాఠశాల. 1783 లో నోవా వెబ్‌స్టరు వర్ణక్రమబోధిని నచ్చొత్తించినపుడు, ఇంగ్లండునుండి విడివడిన దేశమునకు భాషయందును స్వాతంత్ర్యము కావలెనని యాతని యుద్దేశము. 1828 నాఁటి యాతని నిఘంటువు కొన్ని పదములలోఁ బలుకఁబడని యక్షరములఁ దొలఁగించెను. అక్షరవిన్యాసము సయితము రాజకీయశిక్ష యయ్యెనని వైయాకరణులు గమనింపవలెను. 1892 లో ఫ్రాన్సిస్ బెల్లమీ రచించిన పతాకప్రతిజ్ఞను బాలురు వల్లించుట యాచార మయ్యెను; 1954 లో దానియందు దైవనామము చేర్పఁబడెను.

పౌరశాస్త్రపాఠముల ఫలమును గుఱించి 1968 లో లాంగ్టను, జెన్నింగ్సు చేసిన నిర్ణయము ఉపాధ్యాయులకు ముఖ్యమైనది. శ్వేతజాతి విద్యార్థుల యభిప్రాయములను ఆ పాఠములు దాదాపుగా మార్పలేదు. నల్లజాతి విద్యార్థులలో మాత్రము కొంత మార్పు గానవచ్చెను. మన శాస్త్రపరిభాషలోఁ జెప్పవలెనన్న, మొదటివారి కది యనువాదము, అనఁగాఁ దెలిసినదానినే మరలఁ జెప్పుట. రెండవవారిలోఁ బలువురకు నపూర్వము. చిరకాలము వోటునకు దూరముగా నుంపఁబడిన కుటుంబములలో నట్టి మాట లంతగా వినఁబడియుండవు.

పాఠశాల బలాత్కరింపవచ్చునా యను ప్రశ్నము 1940 లో వచ్చెను. పెన్సిల్వేనియాలోని మైనర్సువిల్ గ్రామమున, పతాకవందనము తమ మతమునకు విరుద్ధమని యెహోవాసాక్షుల బిడ్డలు దానిని జేయకపోఁగా బడినుండి వెడలఁగొట్టఁబడిరి. అత్యున్నతన్యాయస్థానము బడివారినే సమర్థించెను. మూఁడేండ్లకు, మహాయుద్ధము నడుమ, 1943 జూన్ 14 వ తేదిని వెస్టు వర్జీనియా వ్యాజ్యమున నాన్యాయస్థానమే తన పూర్వనిర్ణయమును ద్రోసివేసెను. ఇదియే సరియైన యభిప్రాయమని విధించి, దానిని నోటఁ బలికించుటకు ఏ యధికారికిని హక్కు లేదని జాక్సను న్యాయాధిపతి తీర్పు సారాంశము. 1965 వ సంవత్సరపు వలసశాసనమునకుఁ బిమ్మట నా దేశమున స్థిరపడిన తెలుఁగువారి బిడ్డలకును ఈ తీర్పే రక్ష.

మూఁడవది సహవాసము. వెర్మాంటు రాష్ట్రమున బెనింగ్టను కళాశాలలో 1935 మొదలు 1939 వఱకు న్యూకంబు పరిశోధించెను. విద్యార్థినులు పలువురు సంపన్నులైన రిపబ్లికనుల బిడ్డలు. అధ్యాపకులలో ననేకులు రూజువెల్టు సంస్కరణములవైపు మొగ్గినవారు. 1936 ఎన్నికలో మొదటియేటివారిలో సగమునకు మించి రిపబ్లికను పక్షమువాఁడైన లాండనును గోరిరి. పైతరగతులలో నట్టివా రైదవవంతైనను లేరు. ఇరువదియేండ్లకుఁ బైఁబడిన పిదప 1960 ప్రాంతమున మరల విచారింపఁగాఁ బెక్కండ్రు మాఱిన యభిప్రాయముననే నిలిచి యుండిరి. భర్తలును జెలికత్తెలును నట్టి యభిప్రాయము గలవారే యగుట యిందుకుఁ గారణములలో నొకటి. పరదేశమునఁ జిరకాల మున్నవానికి నుడికారము మాఱినట్లు, సహవాసముచే విశ్వాసము మాఱును. సహవాసము నిలిచిన నదియు నిలుచును.

పత్రికలును రేడియోయును మనసుల మార్చునని ప్రసిద్ధి. 1940 లో లాజర్సుఫెల్డు మొదలగువారు ఒహైయో రాష్ట్రపు ఈరీ మండలమున సుమారు 600 మందిని మేనెల మొదలు నవంబరువఱకు నెలనెల ప్రశ్నించి, ప్రచారము పక్షము మార్చుటకంటె నున్న పక్షమును దృఢపఱచుటయే యెక్కువయని తేల్చిరి. వివాదాంశములలో ఉభయపక్షములకుఁ జోటీయవలెనని 1949 నుండి ప్రసారసంస్థల కున్న నియమము 1987 లోఁ దొలఁగెను. తనకు నచ్చిన వాణినే వినుట పిమ్మట మఱింత సులభ మయ్యెను.

ఇచట నొక విశేషము. 'డెమొక్రాటు' గ్రీకుశబ్దజన్యము, 'రిపబ్లికను' లాటినుశబ్దజన్యము. యోగార్థమున రెండును బ్రజాధికారమునే సూచించును. రూఢియందు మాత్రము పరస్పరవిరుద్ధములు. ఆ రూఢియు నిలుకడ లేనిది. 1854 లో వెలసిన రిపబ్లికను పక్షము బానిసత్వవ్యాప్తి నెదిరించినది. నల్లజాతివారు చిరకాల మా పక్షమున నుండిరి. 1936 నాఁటికి వారిలోఁ బెక్కండ్రు రూజువెల్టు పక్షమును జేరిరి. 1964 వ సంవత్సరపు పౌరహక్కుల శాసనమునకుఁ దరువాత దక్షిణదేశపు శ్వేతజాతీయులు క్రమముగా రిపబ్లికనులైరి. తండ్రి యిచ్చిన పేరు నిలిచినను, దాని యర్థము నిలువదు. అర్థము గదలినపుడు పేరును విడువవలెనా, నిలుపవలెనా యని పౌరుఁడు తలపోయక తప్పదు. విచారమున కవకాశ మచటనే కలదు.

కావున సిద్ధాంత మిది. విశ్వాసమున కుత్పత్తి పరాధీనము, పరిగ్రహము స్వాధీనము. మాతృభాషను మనము కల్పించుకొనలేదు. ఐనను సాధుశబ్ద మేదో, యపశబ్ద మేదో విచారించి మాటాడువాని కది యాతని భాషయే. 1776 నాఁటి స్వాతంత్ర్యప్రకటనము మనుష్యులందఱు సములని చెప్పినది. తరతరముల బాలురు దానిని బడిలో నర్థవాదమువలె, స్తుతివాక్యమువలె వల్లించిరి. 1963 ఆగస్టు 28 వ తేదిని వాషింగ్టను నగరమున మార్టిన్ లూథర్ కింగు ఆ వాక్యమును విధిగాఁ జదివి, దాని ననుష్ఠింపుఁడని దేశము నడిగెను. 1965 లో వోటుహక్కుల శాసనము వచ్చెను. ఆ మాట క్రొత్తది కాదు, పెద్దలనుండి వచ్చినదే. బడిపంతులు విద్యార్థికి దాన్ని కంఠస్థము చేయించుటతోఁ దృప్తిపడక, అది స్తుతియో విధియో యని యడుగుటకుఁ జోటిచ్చెనేని, వల్లించిన మాట వాని సొంత విశ్వాస మగును.