పగడాలకు సున్నం

సముద్రపు నీటిలో ఉప్పు ఉన్నదని మీకందరికీ తెలుసు. ఒక లీటరు సముద్రపు నీటిని మరగబెట్టి ఇగరనిస్తే, అడుగున సుమారు 35 గ్రాముల లవణాలు మిగులుతాయి. వాటిలో చాలా భాగం మనం కూరలో వేసుకునే ఉప్పే. అయితే అదే లీటరు నీటిలో కాల్షియం అనే పదార్థం కూడా 400 మిల్లిగ్రాములకు కాస్త పైగా ఉన్నది. సున్నంలోనూ, కోడిగుడ్డు పెంకులోనూ, మీ పళ్ళలోనూ, ఎముకలలోనూ ఉన్నది ఈ కాల్షియమే.

సముద్రంలో దీనిని బాగా వాడుకునే ప్రాణులలో పగడాలు ముఖ్యమైనవి. నవరత్నాలలో ఒకటైన పగడాన్ని మీరు ఉంగరాలలో చూసే ఉంటారు. నిజానికి అది రాయి కాదు. చిన్న చిన్న జంతువులు గుంపుగా చేరి కట్టుకున్న అస్థిపంజరం. ఈ జాతికి చుట్టాలైన మరికొన్ని పగడాలు, వెచ్చని సముద్రాలలో లోతు తక్కువగా ఉన్నచోట పెరుగుతాయి. ఇవి నీటిలోనుంచి కాల్షియాన్నీ, కార్బొనేటునూ తీసుకుని, రెంటినీ కలిపి తమ కింద రాతిగూడు కట్టుకుంటాయి. ఇట్లా కోట్లకొద్దీ జీవులు వేల సంవత్సరాలపాటు కట్టినవే పగడపు దిబ్బలు. ఆస్ట్రేలియా తీరాన ఇట్లాంటి దిబ్బల వరస సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున ఉన్నది!

జర్మనీ, అమెరికా మొదలైన దేశాలలో కొందరు తమ ఇళ్ళలోనే పెద్ద గాజుతొట్లలో ఉప్పునీరు నింపి పగడాలను పెంచుతారు. పగడం శరీరంలో కంటికి కనిపించని నాచుమొక్కలు ఉంటాయి. వాటికోసం తొట్టిమీద మంచి దీపాలు అమర్చుతారు. నీరు కదులుతూ ఉండేటందుకు పంపులు పెడతారు. ఇన్ని చేసినా ఒక్కొక్కప్పుడు పగడాలు పెరగడం మానేసి, పాలిపోయి, చివరకు చచ్చిపోతాయి. వాటికి ఏం తక్కువైనట్టు?

ఇది తెలియాలంటే ముందు సముద్రాన్ని చూడాలి. పగడాలూ, నత్తలూ, ఆల్చిప్పలూ కోట్ల సంవత్సరాలుగా కాల్షియం తీసుకుంటూ ఉంటే, సముద్రంలో అది ఎందుకు అయిపోలేదు? నదులు తెచ్చి పోస్తున్నాయి గనక. మన కృష్ణానది పల్నాటి సున్నపురాళ్ళ మధ్యగా పారుతుంది. వాననీరు ఆ రాళ్ళను కొద్దికొద్దిగా కరిగించుకుని నదిలో కలుస్తుంది; నది సముద్రంలో కలుస్తుంది. పిడుగురాళ్ళ బట్టీలలో కాల్చి సున్నం చేసే రాయీ, సముద్రంలో పగడమూ ఒకే పదార్థంతో అయినవి.

గాజుతొట్టికి ఏ నదీ లేదు. ఆ నది చేసే పని తొట్టిని పెంచేవారే చెయ్యాలి. అయితే ఎంత పొయ్యాలి?

కాగితం, పెన్సిలు తీసుకోండి, లెక్క చూద్దాం. తొట్టిలో 100 లీటర్ల నీరు ఉన్నదనుకోండి. లీటరుకు 420 మిల్లిగ్రాముల చొప్పున మొత్తం కాల్షియం 42 గ్రాములు. పగడపు రాయి 100 గ్రాములు తీసుకుంటే అందులో కాల్షియం 40 గ్రాములు, మిగిలిన 60 గ్రాములు కార్బొనేటు. అంటే పగడాలు 10 గ్రాముల రాయి కట్టుకునేసరికి 4 గ్రాముల కాల్షియం ఖర్చవుతుంది. నీటిలో లీటరుకు 420 ఉన్నది 380కి దిగుతుంది. పదోవంతు కూడా తగ్గలేదు. ఇంతమాత్రానికి భయమెందుకు, అనిపిస్తుంది.

కాని రెండో సరుకు మాటేమిటి? నీటిలో ఉన్న కార్బొనేటు నిల్వను ‘క్షారత’ను బట్టి కొలుస్తారు. సముద్రపు నీటిలో క్షారత జర్మను డిగ్రీలలో సుమారు ఆరున్నర. పైన చెప్పిన 10 గ్రాముల రాయికే అందులో అయిదున్నర డిగ్రీలు ఖర్చు కావాలి! అంటే కాల్షియం కొట్టు నిండుగా ఉండగానే కార్బొనేటు కొట్టు ఖాళీ అవుతుంది. అది పూర్తిగా అడుగంటకముందే పగడం పని ఆపేస్తుంది. ఇటుకలు గుట్టలుగా ఉన్నా సున్నం లేకపోతే తాపీమేస్త్రీ గోడ కట్టలేడుగదా!

అందుచేత తెలిసినవారు కాల్షియాన్ని ఒక్కదాన్నే చూడరు. దానిని లీటరుకు 400 నుంచి 450 మిల్లిగ్రాముల మధ్య ఉంచుతూ, దానితోపాటు క్షారతను కూడా వారం వారం పరీక్షిస్తారు. ఈ పరీక్ష చూడడానికి సరదాగా ఉంటుంది. కొద్దిగా తొట్టినీరు చిన్న గొట్టంలో తీసుకుని రంగుమందు కలిపితే గులాబిరంగు వస్తుంది. తరవాత మరొక మందును చుక్కలు లెక్కపెడుతూ వేస్తారు. గులాబిరంగు నీలంగా మారేటందుకు ఎన్ని చుక్కలు పట్టినదీ చూసి, కాల్షియం ఎంత ఉన్నదో చెబుతారు.

తక్కువైనదాన్ని భర్తీ చేసే పద్ధతులలో చాలా సులువైనది సున్నపు తేట. 1970 తరవాత సంవత్సరాలలో పీటర్ విల్కెన్స్ అనే జర్మను నిపుణుడు దీనికి మంచి ప్రచారం ఇచ్చాడు. ఒక లీటరు శుద్ధజలంలో సున్నం ఒకటిన్నర గ్రాములకు కాస్త పైన మాత్రమే కరుగుతుంది. మిగిలింది అడుగున పేరుకుంటుంది. పైనున్న తేటను, తొట్టిలో ఆవిరైపోయిన నీటికి బదులుగా, చుక్కచుక్కగా పోస్తారు. ఈ తేట కాల్షియాన్ని ఇస్తుంది. తొట్టిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి క్షారతనూ పెంచుతుంది. రెండూ పగడానికి కావలసిన పాళ్ళలోనే! కాని తేటకు ఘాటు ఎక్కువ. ఒక్కసారిగా కుమ్మరిస్తే తొట్టిలోని ప్రాణులు చచ్చిపోవచ్చు.

మరికొందరు కాల్షియం క్లోరైడు ద్రావణాన్నీ, వంటసోడా ద్రావణాన్నీ విడివిడిగా పోస్తారు. రెండూ ఒకే సమయాన, ఒకేచోట పోస్తే నీరు పాలలాగా తెల్లబడి, పగడం తినవలసిన సున్నం కాస్తా పొడిగా రాలిపోతుంది. నీటిలో ఉండే మెగ్నీషియం ఇట్లా రాలిపోకుండా చాలావరకు అడ్డుకుంటుంది. అందుకే దానిని కూడా సముద్రంలో మాదిరిగా లీటరుకు 1,300 మిల్లిగ్రాముల దగ్గర ఉంచుతారు.

ఈ తొట్టి చెప్పే పాఠం సముద్రానికి కూడా వర్తిస్తుంది. సముద్రంలో కాల్షియానికి కరువు లేదు. కాని మనుషులు బొగ్గు, పెట్రోలు తగలబెట్టగా వచ్చే బొగ్గుపులుసు వాయువులో సుమారు నాలుగోవంతు సముద్రంలో కరిగిపోతున్నది. అందువల్ల నీటిలో కార్బొనేటు తగ్గిపోతున్నది. పగడాలకు గూడు కట్టుకోవడం కష్టమవుతున్నది. తొట్టినైతే సున్నపు తేటతో సరిచేయవచ్చు. అంత సముద్రానికి ఎవరు పొయ్యగలరు? పొగ తగ్గించడం ఒక్కటే మార్గం.

మన దేశంలో అండమాన్, లక్షద్వీపాల దగ్గర, మన్నారు సింధుశాఖలో, కచ్ సింధుశాఖలో పగడపు దిబ్బలు ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దిబ్బలు కట్టే పగడాలకు పులికిచ్చినంత రక్షణ ఉన్నది. కాబట్టి వాటిని తీయడం, అమ్మడం నేరం. మీరు అక్కడికి వెళితే చూసి ఆనందించండి. ఒక్క ముక్క కూడా విరిచి తేవద్దు.

పగడం చేసే పని ఎట్లాంటిదో మీ ఇంట్లోనే కొంత చూడవచ్చు. అమ్మనో నాన్ననో దగ్గర ఉంచుకుని, తాంబూలానికి వాడే సున్నం కొంచెం గ్లాసెడు నీటిలో కలిపి, మూతపెట్టి, రాత్రంతా కదలకుండా ఉంచండి. సున్నం కంట పడకుండా జాగ్రత్తపడండి. తెల్లవారిన తరవాత పైతేటను మెల్లగా పళ్ళెంలోకి వంచి, అట్లాగే వదిలిపెట్టండి. కొంతసేపటికి నీటిమీద పలచని తెల్లని తెట్టు కడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు సున్నంతో కలవగా వచ్చినదది. పగడం తన గూడు కట్టుకునేది సరిగ్గా ఆ పదార్థంతోనే.