పగడాల చేలో చేపల మంద

పగడపు దిబ్బల అందాల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. గడువు శుక్రవారం. రంగురంగుల ఫొటోలు దండిగా వచ్చాయి. నన్ను మాత్రం 1983లో ‘సైన్స్’ పత్రికలో అచ్చయిన మూడు పేజీల వ్యాసం పట్టేసుకుంది. రాసినవారు జూడీ మేయర్, ఎరిక్ షుల్జ్, జీన్ హెల్ఫ్‌మన్. చోటు కరీబియన్‌లోని సెయింట్ క్రోయ్ దీవి.

అందులోవి గొంతులోని పళ్లు నూరి గుర్రుమనే గ్రంట్ చేపల పిల్లలు. పగలంతా పగడం మీద గుంపుగా, పనీపాటా లేనట్టు ఉంటాయి. పొద్దుగూకి వెలుగు తగ్గగానే గుంపు కదులుతుంది. పక్కనున్న సముద్రపు గడ్డిలోకి వెళ్లి, చీకట్లో చిన్నచిన్న జీవుల్ని ఏరుకు తింటాయి. తెల్లవారుతుండగా మళ్లీ అదే పగడం మీదికి చేరతాయి. తిన్నది గడ్డిలో, విసర్జించేది పగడం మీద.

మన రైతులు ఎరువు కోసం చేలో గొర్రెల మంద పెట్టిస్తారే, ఇదీ అదే. దిబ్బల చుట్టూ నీళ్లు తేటగా ఉంటాయి కానీ పోషకాలు బహు తక్కువ. అక్కడ చేపలు వదిలే అమ్మోనియా, భాస్వరం పగడంలో కాపురముండే సూక్ష్మ నాచుకు ఎరువు. ఆ నాచు తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధాన ఆధారం. గుంపున్న పగడాలు, లేనివాటికన్నా వేగంగా పెరిగాయని ముగ్గురూ కొలిచి చూపించారు.

అంతకుముందు చరిత్ర క్లుప్తంగా: చేపల పరిశోధకుడు ఎడ్మండ్ హాబ్సన్ హవాయిలోనూ, 1970లో సెయింట్ జాన్ దీవి దగ్గర నీటి అడుగునే నివాసమున్న ‘టెక్టైట్’ అనే పరిశోధన కార్యక్రమపు బృందాలు అక్కడా, సంధ్యవేళ పగటి చేపలు తప్పుకోవడం, రాత్రి చేపలు బయల్దేరడం నమోదు చేశారు.

1984లో హెల్ఫ్‌మన్, షుల్జ్ ప్రచురించిన ప్రయోగం ఇంకా గొప్పది. కొన్ని గ్రంట్ చేపల్ని పట్టి, వేరే చోటి గుంపులో వదిలారు. కొత్తవి పాతకాపుల వెంట తిరిగాయి. తర్వాత పాతకాపుల్ని అక్కణ్నుంచి తీసేశారు. దారి చూపేవి లేకున్నా కొత్తవి ఆ దారినే వెళ్లి, అక్కడికే తిరిగొచ్చాయి. నేర్చుకునే వీలు దక్కని చేపలకు అది చేతకాలేదు. అంటే ఆ దారి పుట్టుకతో వచ్చింది కాదు; ముందున్నవాటిని చూసి వెనకవి నేర్చుకున్నది. గుంపునంతా ఒక్క వలలో ఊడ్చేస్తే చేపలతోపాటు ఆ దారి కూడా పోతుందేమోనని నా భయం.

రాత్రి పనివాళ్లు
సోల్జర్ చేపలు: ఎర్రటి ఒళ్లు, పెద్ద కళ్లు. పగలు గుహల్లో దాగి, రాత్రి నీటిలో తేలే చిన్నచిన్న జీవుల్ని తింటాయి.
కార్డినల్ చేపలు: ఇవీ రాత్రి పనివాళ్లే. చాలా జాతుల్లో మగదే గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది.

మనదేశంలో లక్షద్వీప్, అండమాన్ దీవుల్లో, మన్నార్ సింధుశాఖలో పగడాలతోపాటు సముద్రపు గడ్డి కూడా ఉంది. పగడాలకు వచ్చే ఫొటోలు గడ్డికి రావు, అందుకే అది ఎవరికీ పట్టదు. రక్షణకు హద్దులు గీసేవారు పగడాన్నీ, గడ్డినీ, వాటి మధ్య దారినీ ఒకే హద్దులోకి తేవాలి.