బాకీపడిన ఇంటిపన్ను

ఆస్తిపరులు తమ బాకీలన్నింటిలో కడపట తీర్చదలచునది ఇంటిపన్ను. దుకాణమువాని పద్దు నెల తిరుగకముందే చెల్లింతురు. బ్యాంకి వాయిదా తప్పిన రాత్రి వారికి నిద్ర పట్టదు. పురపాలక సంఘమువారి తాఖీదు మాత్రము గూటిలో పాత పంచాంగము క్రింద పడియుండును. ఈ యుపేక్షకు మూలము దుర్బుద్ధి కాదు. సర్కారు బాకీ యెక్కడికి పోవునను భరవస. ఎక్కడికిని పోదన్నమాట నిజమే. భయపడవలసినదియు నందులకే.

తక్కిన ఋణములు మనిషిని వెంటాడును. పన్ను బాకీ ఆస్తిని అంటిపెట్టుకొని యుండును. హైదరాబాదు నగరమునకు వర్తించు 1955 నాటి చట్టము ప్రకారము, భూమిశిస్తు తరువాత, ఇంటిపన్నే ఆ కట్టడముపై మొదటి భారము. ఇల్లు కుదువపెట్టుకొని అప్పిచ్చినవాడు దాని వెనుక నిలువవలసినదే. బాకీ విచారింపక ఇల్లు కొన్నవాడు ఇంటితోపాటు బాకీని కూడ కొనుచున్నాడు. అమ్మినవానికైనను సుఖము లేదు. ఆస్తి చేతులు మారిన సంగతి కార్యాలయమునకు తెలుపునంతవఱకు అతడును బాధ్యుడే.

భూస్వాములకు ఈ న్యాయము క్రొత్త కాదు. 1864లో చెన్నపురి ప్రభుత్వము చేసిన రెవిన్యూ వసూలు చట్టము భూమిని, దానిపై కట్టడములను, పంటను శిస్తునకు హామీగా నెంచినది. చరాస్తి జప్తు, స్థిరాస్తి వేలము, బుద్ధిపూర్వకముగా ఎగవేయువానికి చెఱసాల, ఈ మూడును అందు కలవు. వేలములో పోయిన భూమిపై అంతకుముందున్న తాకట్టులు నిలువవు. యజమాని సోమరితనమునకు, వానిని నమ్మి అప్పిచ్చినవాడు శిక్ష ననుభవించును. వేలపు సొమ్ములో మిగులేమైన నున్నచో దానివైపు చూచుటయే వానికి గతి. దొరలు పోయిరి, వారి చట్టము పోలేదు. 160 ఏండ్లు దాటినను ఆంధ్రప్రదేశమున నేటికిని అమలునందున్నది.

ఇక వడ్డీ మాట. తెలుగు రాష్ట్రముల పట్టణములలో గడువు దాటిన ఇంటిపన్నుపై నెలకు నూటికి 2 రూపాయల చొప్పున అపరాధరుసుము పడుచున్నది. అనగా సాలుకు 24. మనము నిలువయుంచిన సొమ్మునకు ఈ పాటి వడ్డీ నిచ్చు బ్యాంకి యెక్కడ నున్నదో పాఠకులే చెప్పవలెను. 10,000 రూపాయల పన్ను మూడేండ్లు నిలిచినచో 17,200 అగును. సంవత్సరపు పన్నును ఏప్రిలులోనే చెల్లించువారికి నూటికి 5 వంతులు తగ్గించుచున్నారు. ఆ లాభమును విడిచి ఈ నష్టమును కోరి తెచ్చుకొనువారు ధనములేనివారు కారు. అటుపైని రెడ్ నోటీసు వచ్చును, సామాను జప్తు చేయుదురు, అంగళ్లకు తాళములు పడును.

ప్రభుత్వములును నిర్దోషులు కావు. హైదరాబాదులో 2020లోను, మరల 2022లోను, బాకీపై వడ్డీలో నూటికి 90 వంతులు మాఫీ చేసిరి. సకాలమున పన్ను కట్టిన విధవరాలికి దక్కినదేమి? ఎగవేసిన మేడలవారు ఓపిక పట్టినందులకు బహుమానము పొందిరి. ఒకసారి రుచి మరగినవాడు మఱియొక మాఫీకై గుమ్మమున కూర్చుండునుగాని ఖజానాకు పోడు.

పన్ను కట్టకుండుటయే దేశభక్తియైన కాలము మనకు లేకపోలేదని కొందఱందురు. చీరాల పేరాలలందు సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను పురపాలక సంఘమును నెలకొల్పుటతో 40,000 అయినది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ప్రజలు ఇండ్లు విడిచి, పురపాలక సంఘపు హద్దులు దాటి, రామనగరమున పాకలలో 11 నెలలు కాపురముండిరి. వీధిదీపము, కుళాయినీరు అనుభవించుచు తాఖీదును దాచినవారు కారు వారు.

తీర్వ అధికమని నిజముగా తోచినవానికి త్రోవ మూసియుండలేదు. లెక్క తప్పైనచో గడువులోపల సవరణకు అర్జీ పెట్టవచ్చును. హైదరాబాదులో ఆపై చిన్నతగాదాల న్యాయస్థానపు ప్రధాన న్యాయమూర్తి యొద్దకును పోవచ్చును. అయితే అచ్చటికి పోవువాడు సైతము వివాదములోనున్న పన్నును ముందుగా జమకట్టి పోవలెను.