నీళ్ళలో సీసాన్ని పట్టిచ్చే పొడి

ఆసిఫాబాదు పెద్దవాగు నుంచి ఒక గ్లాసు, మీ వాడకట్టు బోరింగు నుంచి ఒక గ్లాసు నీళ్ళు తెచ్చి చూడండి. మట్టి ఉంటే కంటికి కనబడుతుంది. ఉప్పు ఉంటే నాలుక చెబుతుంది. మరి సీసం ఉంటే? కన్నూ చెప్పదు, నాలుకా చెప్పదు. తాగే నీటిలో ఇది లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించరాదని మన దేశ ప్రమాణం. అంటే ఒక్క గ్రాము సీసం చాలు, లక్ష లీటర్ల నీళ్ళను ఆ హద్దుకు తేవడానికి! కాచినా పోదు సుమా. నీరు ఆవిరయిన కొద్దీ మిగిలిన నీటిలో ఇంకా చిక్కబడుతుంది.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల మీద కూడా అనుమానం కలిగింది. నీళ్ళు, రక్తం నమూనాలను హైదరాబాదు, ఢిల్లీ ప్రయోగశాలలకు పంపి, జవాబు కోసం రోజుల తరబడి కాచుకోవలసి వచ్చింది.

అక్కడికక్కడే తెలుసుకొనే ఉపాయం లేదా? పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం వేస్తే ఎర్రబడడం మీరెరుగుదురు. అలాగే డైథైజోన్ అనే పచ్చని రంగు పదార్థం సీసం తగిలితే ఎర్రబడుతుంది. చిక్కేమిటంటే ఇది నీళ్ళలో సరిగా కరగదు. పైగా సీసం మరీ కొద్దిగా ఉంటే ఆ ఎరుపు కంటికి ఆనదు. అందుకే శాస్త్రజ్ఞులు రంగును సన్నని రంధ్రాలున్న సిలికా పొడిలో కూర్చోబెట్టారు. సిలికా అంటే ఇసుకలో ఉండేదే.

రంధ్రాలు చేసే పద్ధతి మన జిల్లావారికి కొత్త కాదు. జైనూరు వైపు ఉషేగాంలో ఓజా పనివారు మైనంతో బొమ్మ చేసి, పైన మట్టి మెత్తి కాలుస్తారు. మైనం కరిగిపోయి, లోపల బొమ్మ ఆకారంలో ఖాళీ మిగులుతుంది. అందులో కరిగిన ఇత్తడి పోస్తారు. ఇక్కడ మైనానికి బదులు సబ్బువంటి అణువులు. నీళ్ళలో అవి గుంపులు గుంపులుగా సన్నని కడ్డీల్లా చేరుతాయి. వాటి చుట్టూ సిలికా గట్టిపడ్డాక కాలిస్తే అవి మాడిపోయి, ఖాళీ గొట్టాలు మిగులుతాయి. 1992లో మోబిల్ కంపెనీవారు ప్రకటించిన ఎం.సి.ఎం-41 ఇలాంటిదే. దాని గొట్టాల వెడల్పు మిల్లీమీటరులో లక్షల వంతులలో ఉంటుంది. ఒక గ్రాము పొడిలోని గోడలన్నీ పరిస్తే సుమారు వెయ్యి చదరపు మీటర్లు, అంటే దాదాపు పావు ఎకరం!

అంత గోడ మీద ఎంతో రంగు పడుతుంది. ఎక్కువ నీళ్ళను దాని గుండా పోనిస్తే, అందులో చెదిరి ఉన్న సీసమంతా ఒకచోట చేరి ఎరుపు కంటికి కనబడుతుంది.

అయితే డైథైజోన్ పాదరసం, జింకులతో కూడా రంగు మారుతుంది. నీటి ఆమ్లత్వం మారినా ఫలితం తేడా పడుతుంది. కాబట్టి రంగు మారగానే ఆ నీళ్ళు తాగడం ఆపి, నమూనాను ప్రయోగశాలకు పంపాలి. ఇటువంటి కొన్ని పొడులను పలుచని ఆమ్లంతో కడిగితే సీసం ఊడిపోయి, మళ్ళీ వాడుకోవచ్చు. కడిగిన ఆమ్లంలో మాత్రం సీసం అలాగే ఉంటుంది, దాన్ని వాగులో పారబోయరాదు.