కంప్రెషన్ తగ్గిన ఆయిల్ ఇంజను: విప్పేముందు గాలి ఎటు పోతోందో చూడండి

నాట్లు పడ్డాక కాలువ వంతు తప్పిందంటే శివారు రైతుకు ఆయిల్ ఇంజనే దిక్కు. సరిగ్గా అప్పుడే అది మొరాయిస్తుంది. ఇద్దరు ముగ్గురు మార్చి మార్చి హ్యాండిల్ తిప్పినా రెండు దెబ్బలు కొట్టి, తెల్లటి పొగ వదిలి ఆగిపోతుంది. మెకానిక్ వచ్చి ‘కంప్రెషన్ పోయింది, కిట్టు మార్చాలి’ అని ఒక్క మాటలో తేల్చేస్తాడు. పిస్టన్, రింగులు, లైనరు కలిపి వేలల్లో ఖర్చు. సామాను తెచ్చి బిగించేసరికి మూడు నాలుగు రోజులు. ఈలోగా చేను బీటలు వారుతుంది. నిజానికి కంప్రెషన్ తగ్గిన ప్రతి ఇంజనుకూ కిట్టు అక్కర్లేదు. గాలి తప్పించుకునే దారులు నాలుగే. అది ఎటు పోతోందో ఇంజను విప్పకుండానే చేత్తో, చెవితో మీరే తెలుసుకోవచ్చు.

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చాక చాలా ఊళ్ళలో ఆయిల్ ఇంజన్లు మూలనపడ్డాయి. అయినా దివిసీమ శివారు భూముల్లో, గోదావరి లంకల్లో, మురుగు కాలువ గట్ల మీద, కరెంటు లైను వెళ్ళని చోట వీటి అవసరం తీరలేదు. ఏడాదిలో ఎక్కువ నెలలు పాకలో పడుండి, అవసరమైనప్పుడు రాత్రింబవళ్ళు తిరిగే ఇంజనుకే ఈ జబ్బు త్వరగా వస్తుంది.

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదు. సిలిండరులోకి పీల్చిన గాలిని పిస్టన్ పదహారో వంతు, పదిహేడో వంతు జాగాలోకి అదుముతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు వేడెక్కడం మీకు తెలిసిందే. ఇక్కడ ఆ వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులో పడిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. గాలి ఏ సందులోంచి పోయినా ఆ వేడి పుట్టదు. డీజిల్ కాలకుండానే తెల్లటి పొగగా, ఘాటు వాసనతో బయటికొస్తుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మొరాయించి, ఒకసారి వేడెక్కాక తేలిగ్గా స్టార్టయ్యే ఇంజనుకు ఎక్కువగా ఉండేది ఈ లోపమే.

హ్యాండిల్ తిప్పేటప్పుడు పొగే రాకపోతే అది కంప్రెషన్ గొడవ కాదు, డీజిలే అందడం లేదు. ట్యాంకు, ఫిల్టరు, పైపులో గాలి పట్టడం ముందు చూసుకోండి. డీజిల్ సరిగా అందుతుంటే తిప్పేటప్పుడు నాజిల్ దగ్గర ‘కిర్రు’మని శబ్దం వినిపిస్తుంది.

చేత్తో చేసే పరీక్ష

డీజిల్ ఆపేసి, డీకంప్రెషన్ లివరు దించి, ఫ్లైవీలును చేత్తో నెమ్మదిగా తిప్పండి. రెండు చుట్లకొకసారి గట్టిగా అడ్డు తగలాలి. అక్కడ వదిలేస్తే ఫ్లైవీలు వెనక్కి ఊగాలి. అలా ఊగిందంటే కంప్రెషన్ బాగానే ఉంది, హెడ్డు మీద చెయ్యి వెయ్యనివ్వకండి. లోపం నాజిల్‌లోనో, ఫ్యూయల్ పంపులోనో ఉంటుంది. అడ్డు తగిలినట్టే తగిలి మెత్తగా జారిపోతే మాత్రం గాలి పోతున్నట్టే.

ఒకరు ఫ్లైవీలును ఆ అడ్డు దగ్గర అదిమి పట్టుకుంటే రెండో మనిషి చెవి పెట్టి వినాలి. సైలెన్సరులో ‘సుయ్’మంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఎయిర్ క్లీనరు వైపు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు కారుతున్నాయి. ఆయిల్ పోసే మూత తీసినచోట గాలి వస్తే రింగులు, లైనరు. కూలింగు నీళ్ళలో బుడగలు లేచినా, హెడ్డు అంచున తడిగా ఆయిల్ చిమ్మినా హెడ్ గ్యాస్కెట్ పోయినట్టు. ఈ పని చేసేటప్పుడు పంచె బిగించి కట్టుకోండి, భుజాన తువ్వాలు తీసేయండి. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలిని మిగతా వేళ్ళ వైపే ఉంచాలి. ఎదురు తన్నితే మణికట్టు విరుగుతుంది.

ఇంకా అనుమానముంటే ఎయిర్ క్లీనరు విప్పి, గాలి పీల్చే రంధ్రంలో రెండు చిన్న చెంచాల ఇంజన్ ఆయిల్ పోయండి. లివరు ఎత్తి నాలుగైదు చుట్లు తిప్పి, లివరు దించి మళ్ళీ చూడండి. అడ్డు బాగా పెరిగితే లోపం రింగుల్లో ఉంది, ఆయిల్ ఆ సందును తాత్కాలికంగా మూసింది. ఏమీ పెరగకపోతే వాల్వులనో, గ్యాస్కెట్‌నో అనుమానించాలి. రెండు చెంచాలకు మించి పొయ్యకండి. అయిదు హార్స్‌పవర్ ఇంజనులో పిస్టన్ పైన మిగిలే జాగా చిన్న టీ కప్పులో సగం కూడా ఉండదు. గాలి అణుగుతుంది గాని ఆయిల్ అణగదు, కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

పైసా ఖర్చు లేని లోపాలు

వాల్వు కారుతోందని తేలితే హెడ్డు విప్పకముందు రాకర్ కవరు తీసి ట్యాపెట్ సందు చూడండి. సందు బొత్తిగా లేకుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు, ఎంత మంచి వాల్వయినా గాలి వదుల్తుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, రెండు వాల్వులూ మూసుకుని పిస్టన్ పైకొచ్చిన స్థితిలో, ఇంజనుతో ఇచ్చిన పుస్తకంలోని కొలత ప్రకారం ఫీలర్ గేజితో సరిచేయాలి. డీకంప్రెషన్ లివరు కూడా చూడండి. అది పూర్తిగా దిగకుండా వాల్వును కాస్త నొక్కిపట్టి ఉంచడం మామూలే. ఈ రెండూ చూడకుండా హెడ్డు విప్పే మెకానిక్ అనుభవాన్ని నమ్మక్కర్లేదని నా అభిప్రాయం.

అప్పటికీ కారుతుంటే హెడ్డు దించి వాల్వులను గ్రైండింగ్ పేస్టుతో, ముందు గరుకుది, తరువాత నున్నటిది వాడి సీటు మీద రుద్దాలి. పని పూర్తయ్యాక పేస్టు ఆనవాలు లేకుండా కడిగి, వాల్వు పెట్టి పోర్టులో కిరోసిన్ గాని డీజిల్ గాని పొయ్యమనండి. కాసేపాగినా చుక్క కారకపోతేనే బిగించడానికి ఒప్పుకోండి.

గ్యాస్కెట్ విషయంలో జరిగే మోసం కాదుగాని, తెలియనితనం ఒకటుంది. కారకుండా ఉంటుందని రెండు గ్యాస్కెట్లు కలిపి వేస్తారు. 80 మి.మీ. బోరు, 110 మి.మీ. స్ట్రోకు ఉన్న ఇంజనులో పిస్టన్ పైన ఒక్క మి.మీ. మందం పెరిగితే 16.5 రెట్లు ఉన్న కంప్రెషన్ 14.6కు పడిపోతుంది. కొత్త గ్యాస్కెట్ వేశాక కూడా పొద్దున్నే స్టార్టవడంలేదని వాపోయేవారు ఇది ఒకసారి అడిగి చూడాలి. హెడ్డు వంకర పోయి ఉంటే గ్యాస్కెట్లు పెంచడం మందు కాదు, లేత్ షాపులో సమం చేయించాలి. నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. నీళ్ళు ఆగిపోయి ఎర్రగా కాలిన ఇంజను మీద చల్లటి నీళ్ళు గుమ్మరిస్తే హెడ్డు చీలుతుంది. ఆపి, చల్లారనివ్వాలి.

రింగులే పోతే

సైలెన్సరులో నీలం పొగ, ఆయిల్ తరచూ తగ్గడం, ఆయిల్ మూత దగ్గర పొగ ఎగదన్నడం రింగుల లక్షణాలు. ఇక్కడా తొందరపడొద్దు. పిస్టన్ బయటికి తీసినప్పుడు మీరు దగ్గరుండండి. మసిపట్టి రింగులు గాడిలో బిగుసుకుపోయి ఉంటే శుభ్రం చేస్తేనే సరిపోవచ్చు. తరువాత లైనరు పైభాగంలో, పై రింగు ఆగేచోట, గోరుతో గీరి చూడండి. మెట్టు తగిలితే అరిగినట్టే. అలాంటి లైనరులో కొత్త రింగులు ఒక్కటే వెయ్యడం డబ్బు దండగ, ఇక కిట్టు తప్పదు. మెట్టు లేకుంటే రింగును లైనరులో పెట్టి పిస్టన్‌తో సమంగా నెట్టి, దాని చివరల మధ్య సందు కొలిపించండి. పుస్తకంలోని హద్దు దాటితే రింగులు మారిస్తే చాలు. బిగించేటప్పుడు రింగుల సందులు ఒకే వరసలో రాకూడదు. పాత సామాను మీ చేతికి తీసుకోండి, కొత్తది కొనడానికి అదే కొలత.

రింగులను తినేది దుమ్ము. ఎయిర్ క్లీనరు అడుగున ఆయిల్ పోసే రకమైతే గుర్తు వరకూ ఆయిల్ ఉందో లేదో రోజూ చూడాలి. క్లీనరు తీసేసి గుడ్డ కట్టి నడిపే ఇంజను ఒక్క సీజనులోనే బోరు పోగొట్టుకుంటుంది. పని అయిపోయాక సైలెన్సరు మూతికి డబ్బా బోర్లించండి. లేకుంటే వాన నీళ్ళు దిగి వాల్వు సీట్లు తుప్పు పడతాయి. ఉప్పు నీటిని కూలింగుకు వాడినవారు పాకలో పెట్టేముందు కాసేపు మంచినీటితో నడిపి, ఆపాక నీరంతా వదిలేయాలి.

పాత ఇంజను కొనేవారు వెళ్ళేసరికి అది వేడిగా ఉంటే చల్లారేదాకా కూర్చోండి. సిలిండరులో ఆయిల్ పోసి, ముందే ఒకసారి నడిపి చూపించేవాళ్ళున్నారు. చల్లగా ఉన్నప్పుడు ఫ్లైవీలు తిప్పి, వెనక్కి ఊగితేనే బేరం మొదలుపెట్టండి.